ఒకే పంక్తిలో భోజనం

మధ్యాహ్నం బడి గంట కొట్టాక వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆరో తరగతి పిల్లల కళ్లు నేల నుంచి సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. అదే ఈడు పిల్ల వీల్‌చెయిర్‌లో ఉంటే ఆమె కళ్లు 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. తేడా 45 సెంటీమీటర్లు, అంటే కుర్చీ సీటు ఎత్తు. పక్కనున్న స్నేహితురాలితో మాట్లాడాలంటే ఈ పిల్ల నడుము వంచాలి, ఆ పిల్ల మెడ ఎత్తాలి. పళ్లెం పెట్టుకోవడానికి ఒడి తప్ప చోటు లేదు. వేడి సాంబారు పోసిన పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు కాలుతాయి. అందుకని చాలా చోట్ల ఆ పిల్లకు తరగతి గదిలోనే బల్ల మీద విడిగా పెట్టేస్తారు. పెట్టేవాళ్లకు చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. అయినా బడి మొత్తం కలిసి తినే ఆ అరగంట ఆమె ఒక్కతే ఉండిపోతుంది.

మధ్యాహ్న భోజనం కడుపు నింపడంతో ఆగిపోయే పథకం కాదు. జాతీయ స్థాయిలో అది 1995 ఆగస్టు 15న మొదలైంది. బియ్యం పంచడం కాదు, వండి వడ్డించాల్సిందేనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. వండిన అన్నం అన్ని కులాల పిల్లలనూ ఒక పంక్తిలో కూర్చోబెడుతుందన్నది ఈ పథకం ఆశయాల్లో ఒకటి. అదే పంక్తిలో నడవలేని పిల్లకు, చూపు లేని పిల్లాడికి, వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లాడికి కూడా చోటుండాలి. ఆ చోటు జాలితో రాదు. కొలతల్లో, గోడల్లో, గరిటె పట్టుకునే పద్ధతిలో రావాలి.

దీని గురించి మాట్లాడాల్సిన సమయం ఇదే. తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు – మన బడి’ పనుల 12 అంశాల్లో ఉన్నత పాఠశాలలకు డైనింగ్ హాళ్లను కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన తల్లి ఆమె. బియ్యం నాణ్యత మీద, గుడ్ల సంఖ్య మీద చర్చ జరుగుతూనే ఉంది, జరగాలి కూడా. ఆ అన్నం పిల్లలు ఎక్కడ, ఎలా కూర్చుని తింటారన్నది కూడా అంత ముఖ్యమైన ప్రశ్నే.

గుమ్మం దాకా రావాలంటే

హాలు పునాది నేలకన్నా 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మూడు మెట్లు. దాని పక్కన ర్యాంపు కట్టాలంటే భారత ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం వాలు 1:12 మించకూడదు. అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు. మూడు మెట్లకు 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. స్థలం లేదని దాన్ని సగానికి సగం కుదించడం తరచూ జరిగే పని.

సగానికి కుదిస్తే ఏమవుతుందో లెక్క చెబుతుంది. పిల్ల 30 కిలోలు, కుర్చీ 15 కిలోలు అనుకుంటే మొత్తం 45. 1:12 వాలు మీద కిందికి లాగే బలం దాదాపు 3.7 కిలోల బరువుతో సమానం. పన్నెండేళ్ల పిల్ల చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కగలదు. 1:6 వాలు మీద అది 7.4 కిలోలవుతుంది. అప్పుడు వెనక నుంచి ఎవరో తోయాలి. ఇంకా ఏటవాలుగా ఉంటే శరీర భారం వెనక చక్రాల వైపు జరిగి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఇద్దరు పిల్లల మధ్య తేడా కాదిది, రెండు ర్యాంపుల మధ్య తేడా. మొదటి ర్యాంపు మీద ఆమె తనంతట తాను భోజనానికి వస్తుంది. రెండో దాని మీద ఆమెను ఎవరో తీసుకురావాలి.

ర్యాంపుకు రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు ఉండాలి. అవీ రెండు ఎత్తుల్లో, 90 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 70 దగ్గర ఒకటి. కింది కమ్మీ చిన్న పిల్లల చేతికి అందేది. తలుపు తెరిస్తే కనీసం 90 సెంటీమీటర్ల దారి దొరకాలి. లోపల కుర్చీ పూర్తిగా తిరగడానికి మీటరున్నర వ్యాసం గల ఖాళీ ఉండాలి. గుమ్మంలో గడప ఉండకూడదు.

అన్నం పిల్ల దగ్గరికి రావాలి

అమెరికా బడుల్లో పిల్లలు ట్రే పట్టుకుని వరుసలో నిలబడి, కౌంటరు దగ్గర వడ్డించుకుని, మళ్లీ ట్రే మోసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్తారు. అందుకే అక్కడి ప్రమాణాలు ట్రే జారే పట్టాల ఎత్తు కూడా నిర్ణయించాయి. అయినా రెండు చంకకర్రలతో నడిచే పిల్లాడికి ట్రే పట్టుకునే మూడో చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది?

మనకు ఈ చిక్కు పుట్టుకతో లేదు. మన పద్ధతిలో తినేవాళ్లు కూర్చుంటారు, వడ్డించేవాళ్లు బకెట్టు, గరిటె పట్టుకుని వరుస వెంట వస్తారు. సర్వజనీన రూపకల్పన అని ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే ఆలోచనకు పంక్తి వడ్డన చక్కగా సరిపోతుంది. ఎవరి కోసమూ ప్రత్యేకంగా ఏమీ మార్చనక్కర్లేకుండా అందరికీ పనికొచ్చే ఏర్పాటే ఆ ఆలోచన సారం. దానికి ఆ పేరు పెట్టి ప్రచారం చేసిన అమెరికా ఆర్కిటెక్టు రొనాల్డ్ మేస్ చిన్నప్పుడే పోలియో సోకి వీల్‌చెయిర్ వాడిన మనిషి.

ఇప్పుడు చాలా బడుల్లో వంట గిన్నెల దగ్గరే పళ్లేలు పట్టుకుని వరుస కట్టిస్తున్నారు. పని తొందరగా తెమలుతుందన్నది కారణం. హాలు కట్టేటప్పుడే వరుసల మధ్య మీటరు ఇరవై సెంటీమీటర్ల దారి వదిలితే వడ్డన వరుసలోకే తిరిగి వస్తుంది. వేడి బకెట్టు మోసే వంటమ్మకు, పక్క నుంచి వెళ్లే వీల్‌చెయిర్‌కు ఇద్దరికీ అది రక్షణ.

బల్ల కింద ఏముంది?

బల్ల ఎత్తు గురించి అందరూ ఆలోచిస్తారు. బల్ల కింద ఖాళీ గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. వీల్‌చెయిర్‌లోని పిల్ల పళ్లెం దగ్గరికి చేరాలంటే ఆమె మోకాళ్లు బల్ల కిందికి వెళ్లాలి. అందుకు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తు, ముందు నుంచి లోపలికి 48 సెంటీమీటర్ల లోతు ఖాళీగా ఉండాలి. పలక పైభాగం సుమారు 75 దగ్గరికి వస్తుంది. కడప బండ పరిచి దాని కింద ఇటుక దిమ్మెలు కట్టే బల్లలు బలమైనవి, కడగడం తేలిక. కాని దిమ్మె మోకాళ్లకు అడ్డం వస్తే ఆ పిల్ల పళ్లేనికి అడుగు దూరంలో ఆగిపోతుంది. ముందుకు వంగి ఎత్తిన ప్రతి ముద్దా సగం ఒళ్లో పడుతుంది. దిమ్మెలను బండ చివర్లకు జరిపితే చాలు, ఈ కష్టం ఉండదు.

ఖాళీ ఎక్కడ వదలాలన్నది ఇంకో విషయం. బెంచీలు రెండు వైపులా బిగించేస్తే వీల్‌చెయిర్‌కు మిగిలేది బల్ల చివర మాత్రమే. చివర కూర్చుంటే ఒక వైపే స్నేహితులు. బెంచీని రెండు ముక్కలు చేసి మధ్యలో 90 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే ఆ పిల్లకు రెండు వైపులా స్నేహితులుంటారు. ఆ ఖాళీ ఒక్క బల్లకే పరిమితమైతే ఆమె ఎప్పుడూ అక్కడే కూర్చోవాలి. నాలుగైదు బల్లల దగ్గర వదిలితే ఎవరి పక్కన కూర్చోవాలో ఆమె ఎంచుకుంటుంది.

బల్లలకు డబ్బు చాలని బడుల్లో పాత అరుగే దారి చూపుతుంది. 45 సెంటీమీటర్ల ఎత్తున పొడవాటి అరుగు కట్టి పిల్లలు దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, అంచు దగ్గరికి వచ్చిన వీల్‌చెయిర్ సీటు కూడా అదే ఎత్తులో ఉంటుంది. కళ్లు కళ్లకు ఎదురుగా వస్తాయి. అరుగు అంచుకు ఒక మడత పలక బిగిస్తే వీల్‌చెయిర్‌లోని పిల్ల పళ్లెం దాని మీద నిలుస్తుంది. మొదట్లో చెప్పుకున్న తేడా ఇలా నేలను పైకి తేవడంతో తీరుతుంది. కాలు మడవలేక నేల మీద కూర్చోలేని పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న టీచర్లు కూడా ఆ అంచునే కాళ్లు వేలాడేసి కూర్చోవచ్చు.

గోల వెనుక ఉన్న లెక్క

డైనింగ్ హాల్లో కంటికి కనపడని అడ్డంకి గోల. పిల్లలు అల్లరి చేయడం వల్లే గోల అనుకుంటాం. చాలా వరకు అది గోడల వల్ల.

శబ్దం గట్టి గోడకు తగిలితే దాదాపు మొత్తంగా వెనక్కి వస్తుంది. మాట ఆగిపోయాక కూడా దాని మారుమోత ఎంతసేపు మిగులుతుందో లెక్క కట్టే సూత్రాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ కనుక్కున్నాడు. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక మాట అయిదు సెకన్లకు పైగా మోగుతుంటే ఎవరికీ పాఠం అర్థమయ్యేది కాదు. సబీన్ రాత్రిళ్లు పక్క థియేటరు నుంచి సీటు దిండ్లు మోసుకొచ్చి పరుస్తూ మారుమోత ఎంత తగ్గుతోందో కొలిచాడు.

ఆయన సూత్రంతో మన హాలును కొలుద్దాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8, ఎత్తు మూడున్నర. సిమెంటు గోడలు, బండల నేల, స్లాబు. ఇవి తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయి. ఖాళీ హాల్లో మారుమోత అయిదు సెకన్లు దాటుతుంది. వంద మంది పిల్లలు కూర్చుంటే వాళ్ల ఒళ్లు, బట్టలు కొంత పీల్చుకుని అది 1.3 సెకన్ల దగ్గరికి వస్తుంది. అమెరికాలో మామూలు తరగతి గదికి పెట్టిన హద్దు 0.6.

ఇక్కడ మనిషి స్వభావం కూడా తోడవుతుంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రచురించిన సంగతి ఇది. ఒకరు పెంచితే పక్కవాళ్లు పెంచుతారు, అది విని మొదటివాళ్లు ఇంకా పెంచుతారు. టీచరు అరిస్తే గోల ఇంకో మెట్టు ఎక్కుతుంది.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లాడికి ఇది నరకం. యంత్రం మిత్రుడి మాటతోపాటు పళ్లేల మోతనూ, గరిటె చప్పుడునూ పెంచి వినిపిస్తుంది. మామూలు చెవి గోలలోంచి ఒక గొంతును ఏరుకోగలదు, ఆ పని యంత్రానికి అంత బాగా రాదు. పిల్లాడు యంత్రం తీసి జేబులో పెట్టుకుంటాడు, అక్కడితో మాటలు ఆగిపోతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇదే గోల శారీరక బాధలా తగులుతుంది. చెవులు మూసుకుంటారు, లేచి బయటికి పరుగెత్తుతారు. దాన్ని మొండితనమని అనుకోవడం అన్యాయం.

పరిష్కారం సబీన్ దగ్గరే ఉంది. తెరిచిన కిటికీలోంచి వెళ్లిన శబ్దం తిరిగి రాదు కాబట్టి, శబ్దాన్ని పీల్చుకోవడాన్ని ఆయన తెరిచిన కిటికీతోనే కొలిచాడు. మన హాలుకు ఒక పొడుగు వైపు గోడ కట్టకుండా స్తంభాలు మాత్రమే పెట్టి వదిలేస్తే, పిల్లలు నిండుగా ఉన్నప్పుడు మారుమోత 1.3 సెకన్ల నుంచి దాదాపు 0.7కు పడిపోతుంది. మారుమోత తగ్గితే గొంతులూ తగ్గుతాయి కాబట్టి లాభం ఇంకా ఎక్కువే. మన ఎండలకు, గాలికి కూడా ఇదే మంచిది. నాలుగు వైపులా మూసి టైల్స్ అతికించిన హాలుకన్నా ఒక వైపు తెరిచిన షెడ్డు పిల్లల చెవులకు ఎంతో మేలు.

గోడ తప్పని చోట పైకప్పు కింద చెక్క పీచుతో చేసిన సిమెంటు పలకలు బిగించవచ్చు. వాటి సన్నని రంధ్రాల్లో గాలి రాసుకుని శబ్దం వేడిగా మారిపోతుంది. థర్మకోల్, గుడ్ల అట్టలు ఈ పనికి రావు. థర్మకోల్ రంధ్రాలు మూసుకుని ఉంటాయి, అట్టలు మరీ పలచన. పైగా రెండూ నిప్పంటుకునేవి. స్టూళ్ల కాళ్లకు రబ్బరు తొడుగులు వేస్తే గచ్చు మీద గీరుకునే చప్పుడు పోతుంది. ఒక మూల, వంటషెడ్డుకు దూరంగా, పదిమంది కూర్చునే నెమ్మదైన చోటు ఉంచితే గోల పడని పిల్లలు ఒకరిద్దరు స్నేహితులతో అక్కడ తినవచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెద్ద వరుసలోకి వచ్చే దారి తెరిచే ఉండాలి.

వినపడని పిల్లలకు ముఖం కనపడడం ముఖ్యం. అందరూ ఒకే వైపు తిరిగి కూర్చునే వరుసలో పెదాలూ సైగలూ కనపడవు. ఎదురెదురు వరుసలు వేసి, వెలుగు ముఖాల మీద పడేలా కూర్చోబెట్టాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవారి ముఖం చీకటిగా కనపడుతుంది.

పళ్లెంలో గడియారం

చూపు బాగా తగ్గిన పిల్లలు రంగుల తేడాతో వస్తువులను పోల్చుకుంటారు. స్టీలు బల్ల మీద స్టీలు పళ్లెం, తెల్ల పళ్లెంలో తెల్లన్నం, దాని మీద పెరుగు అయితే వాళ్లకు ఏదీ విడిగా కనపడదు. పళ్లెం కింద ముదురు రంగు గుడ్డ పరిస్తే అంచు కనపడుతుంది. మెట్టు అంచుకు పసుపు పట్టీ, స్తంభానికి ముదురు రంగు వేయడం ఒక డబ్బా పెయింటుతో అయ్యే పని.

పూర్తిగా చూపు లేని పిల్లలకు గడియారం పద్ధతి నేర్పుతారు. పళ్లేన్ని గడియారం ముఖంగా తలచుకుంటే అన్నం ఆరింటి దగ్గర, పప్పు పన్నెండింటి దగ్గర, గుడ్డు మూడింటి దగ్గర. వడ్డించేవాళ్లు రోజూ అదే చోట వడ్డించి, ‘పప్పు వేస్తున్నా నాన్నా’ అని ఒక్క మాట చెబితే ఆ పిల్లాడు ఎవరి సాయమూ లేకుండా కలుపుకు తింటాడు. విస్తట్లో ఏ పదార్థం ఎక్కడ వడ్డించాలో నియమం పెట్టుకున్న మన వంటవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు.

దారి చూపే పసుపు పలకలు రైల్వే స్టేషన్లలో చూస్తుంటాం. వాటిని 1965లో జపాన్‌కు చెందిన సెయిచి మియాకే రూపొందించాడు. గీతలున్న పలక నడవమంటుంది, చుక్కలున్న పలక ఆగమంటుంది. తరగతి గదుల నుంచి హాలు దాకా గీతలు, మెట్లకు ముందు చుక్కలు వేస్తే చాలు.

ముద్ద దిగే దారి

గొంతులో గాలి దారీ అన్నం దారీ ఒకదాన్నొకటి దాటుతాయి. ముద్ద మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, కొండనాలుక కింద ఉండే మూత వాలి గాలి గొట్టాన్ని కప్పుతుంది, ఊపిరి క్షణం పాటు ఆగుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఈ కండరాల లయ తప్పుతుంది. మెతుకు గాని నీటి చుక్క గాని ఊపిరితిత్తుల్లోకి జారితే పదే పదే న్యుమోనియా వస్తుంది.

ఇందులో కుర్చీ పాత్ర పెద్దది. కాళ్లు ఆనకుండా వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే మెడ బిగుసుకుంటుంది, మెడ బిగిస్తే దవడ మాట వినదు. పాదాల కింద ఒక పీట పెడితే గొంతుకు మేలు జరగడం వెనుక కారణం ఇదే. తినిపించేవాళ్లు నిలబడి తినిపించకూడదు. పిల్లాడు తల ఎత్తి నోరు తెరిస్తే గాలి గొట్టం తెరుచుకుంటుంది. ఎదురుగా అదే ఎత్తులో కూర్చుని, గడ్డం కొంచెం కిందికి ఉండేలా తినిపించాలి.

పదార్థం చిక్కదనమూ చూడాలి. నీళ్లు, చారు, మజ్జిగ వేగంగా జారిపోతాయి. లయ తప్పిన గొంతుకు వాటిని ఆపే వ్యవధి ఉండదు. చిక్కటి రాగి జావ నెమ్మదిగా కదులుతుంది. పలచని సాంబారులో విడివిడిగా తేలే మెతుకులు కష్టం, మెత్తగా పిసికిన పప్పన్నం తేలిక. వేరుశనగ చిక్కీ ముక్క, ఎండిన గుడ్డు సొన ప్రమాదం కావచ్చు. ద్రవాలనూ ఘనాలనూ 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లుగా విభజించిన అంతర్జాతీయ కొలమానం ఒకటుంది. ఏ పిల్లకు ఏ మెట్టు సరిపోతుందో స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయుల ద్వారా ఆ సలహా తెచ్చుకుని, వంట ఏజెన్సీ మహిళలకు అర్థమయ్యేలా చెప్పాలి. అందరికీ వండినదే మెత్తగా చేసి పెట్టాలి. ఆ పిల్లకు అరటిపండు ఇచ్చి సరిపెట్టకూడదు.

పనిముట్లు ఖరీదైనవి అక్కర్లేదు. అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో అన్నం అంచుకు ఆని వేళ్లలోకి వస్తుంది. కింద తడిగుడ్డ పరిస్తే పళ్లెం జారదు. పట్టు సరిపోని పిల్లలకు స్పూను పిడికి పాత సైకిల్ ట్యూబు చుడితే లావెక్కి చేతిలో నిలుస్తుంది. నెమ్మదిగా తినే పిల్లలకు మొదట వడ్డించాలి. గంట కొట్టాక కూడా ముగించేదాకా ఆగాలి.

చేతులు కడుక్కునే చోటు

తిప్పే కుళాయికి వేళ్ల పట్టూ మణికట్టు మలుపూ రెండూ కావాలి. పొడుగు పిడి ఉన్న కుళాయికి పిడికిలి తగిలిస్తే చాలు, పిడి పొడుగైన కొద్దీ కావలసిన బలం తగ్గుతుంది. వరుసలో రెండు కుళాయిలైనా కింద మోకాళ్లకు ఖాళీ వదిలి బిగించాలి. ఇక్కడి నేల ఎప్పుడూ తడే. నున్నని పాలిష్ బండ మీద చంకకర్ర రబ్బరు జారుతుంది. గరుకు బండ వేసి, నీరు నిలవకుండా కాలువ వైపు కొద్దిగా వాలు ఇచ్చి, కాలువ మీద సన్నని సందులున్న జల్లెడ మూత వేయాలి.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. వీల్‌చెయిర్ వెళ్లగల మరుగుదొడ్డి బడిలో లేకపోతే ఆడపిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానుకుంటారు. భోజనం దగ్గర గ్లాసు నిండుగానే మిగిలిపోతుంది. అందుకని డైనింగ్ హాలు నక్షాలో మరుగుదొడ్డి దారి కూడా గీయాలి.

చట్టం, నక్షా, పరీక్ష

ఇవన్నీ దయతో ఇచ్చే వసతులు కావు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బడి భవనం, ఆవరణ, సౌకర్యాలు అన్నీ అందుబాటులో ఉండాలని దాని 16వ సెక్షన్ చెబుతుంది. అందుబాటు ప్రమాణాలను సిఫార్సులుగా వదిలేయడం చెల్లదనీ, తప్పనిసరి నియమాలు చేయాలనీ 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం.

నక్షా దశలో దిమ్మెను చివరికి జరపడానికి, గోడ బదులు స్తంభాలు పెట్టడానికి అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. స్లాబు పోశాక, బండ పరిచాక అదే మార్పుకు పగలగొట్టాలి. కాబట్టి ముగ్గు పోసే రోజునే ఇంజనీరు, హెడ్మాస్టరు, వంటమ్మలు, భవిత టీచరు ఒకచోట కూర్చోవాలి. వైకల్యం ఉన్న పిల్లలను పిలిచి ముగ్గు మీద కుర్చీ తిప్పించి, కర్రలతో నడిపించి చూడాలి. ఎక్కడ తిరగలేకపోయిందో ఆ పిల్లే చూపిస్తుంది.

హాలు పూర్తయ్యాక పరీక్ష కూడా తేలికే. ఎవరూ మోయకుండా, ఎవరూ తోయకుండా ప్రతి పిల్లా లోపలికి రాగలగాలి. తనకు నచ్చినవాళ్ల పక్కన కూర్చుని, అందరికీ వండినదే తిని, వాళ్ల మాట విని, చేతులు కడుక్కుని, వాళ్లతోపాటే లేవాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా కొరత పిల్లలో లేదు, హాల్లో ఉంది. దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత మనదే.